ఎనిమిదో వరస అవతల

మా పిల్లమ్మ అత్త కూర్చున్న చోటు నుంచి లేవకుండా చీరకు సరిపోయే గాజుల రంగు కలిపేది. బళేపేటలో గాజుల అంగళ్ళకు కొదవ లేదు. కానీ చీర అంచు ఒళ్ళో పరుచుకుని, ఒక్కసారి తలెత్తి కడ్డీలకు గాజులు తగిలించిన వరసల వైపు చూసి, తొమ్మిదో వరసలో పైనుంచి నాలుగో కడ్డీ అని చెప్పగలిగిన మనిషి ఆ వీధి మొత్తానికి ఆమె ఒక్కతే. పనిమనిషి ఆవులప్ప కొక్కెం కర్రతో ఆ కడ్డీ దింపి, అక్కడే వెనక బల్ల మీద గాజులు కాగితంలో చుట్టి, దారం కట్టి తెచ్చి ఇచ్చేవాడు. కొన్నవాళ్ళు ఆ పొట్లాన్ని అంగట్లో విప్పరు. విప్పి చూడటం అంటే అత్త కంటిని నమ్మకపోవడమే. ముప్పై ఏళ్ళలో ఎవరూ విప్పగా నేను చూడలేదు.

ఈ ఆషాఢంలో ఆ పొట్లాలు వెనక్కి రావడం మొదలైంది.

మొదట వచ్చింది బ్రూక్‌ఫీల్డ్‌లో ఉండే వరూధిని. విజయవాడ మనిషి, సాఫ్ట్‌వేర్‌లో పని. చెల్లెలి పెళ్ళికి చందనం రంగు చీరలు తెచ్చి, వాటికి సరిపడే గాజులు అత్త చేత కలిపించుకుని వెళ్ళింది. ఇంట్లో విప్పితే పాలలాంటి తెల్ల గాజులు. ఆమె గొడవేమీ పడలేదు, పొరపాటు ఎవరికైనా జరుగుతుందండీ అని నవ్వుతూ మార్చుకుని వెళ్ళింది. ఆ నవ్వే అత్తకు ఎక్కువ గుచ్చుకుంది. వారం తిరగకుండానే ఇంకో ఇద్దరు వచ్చారు. ఆవపిండి రంగు అనుకున్నవి చిలకపచ్చ అయ్యాయి, నల్లవి అనుకున్నవి నెమలి నీలం అయ్యాయి. ఆవులప్పను అడిగితే, తనకు అవి తెల్లగానే కనిపించాయనీ, అక్క చెప్పింది కాబట్టి ఏదో లెక్క ఉంటుందిలే అనుకున్నాననీ చెప్పాడు. ఇన్నేళ్ళలో అక్క మాటకు ఎదురు చెప్పే అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు.

అత్త కొడుకు అశోక్‌కుమార్ బావది వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. పోయిన ఏడాదే తల్లికి కంటిలో శుక్లాలు తీయించాడు. ఇప్పుడు మళ్ళీ రెండుచోట్ల చూపించాడు. ఇద్దరు డాక్టర్లూ కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నారు. అయినా బావ నమ్మలేదు. ఒక పని చెయ్యమన్నాడు. ఇకమీదట గాజుల్ని ఆవులప్ప చేత తను కూర్చునే గద్దె దగ్గరికి తెప్పించుకుని, చీర పక్కన పెట్టి చూసి ఇవ్వమన్నాడు. ఆ రోజు అత్త అన్నం తినలేదు.

“చేతిలో పెట్టుకొని చూస్తే ఎవురైనా చెప్తారు. దానికి నేను యాల కూచోవాల?” అంది నాతో ఫోన్‌లో.

బావ కూడా మొండివాడే. వరమహాలక్ష్మి పండగలోపు ఇంకొక్క పొట్లం వెనక్కి వచ్చిందంటే అంగడి మూసేసి అమ్మను వైట్‌ఫీల్డ్ తీసుకుపోతానని తేల్చి చెప్పాడు. అక్కడ ఆమె కోసం గది సిద్ధం చేసి, మంచం కూడా వేయించాడు. అతను చెడ్డవాడేం కాదు. అయితే ఆ గద్దె మీద నుంచి లేపితే అత్త ఎన్నాళ్ళు మనిషిలా ఉంటుందో నాకు తెలుసు. నేను ఆ గద్దె పక్కన కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నదాన్ని. అమ్మ ఆసుపత్రిలో నర్సు, నాన్న లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు, బడి వదలగానే నా ఇల్లు ఆ అంగడే. అత్త పిలిస్తే వెళ్ళకుండా ఉండలేను.

ఇంతకీ ఆమె నన్నే ఎందుకు పిలిచిందంటే, నేను చేసే పని వెలుగుకు సంబంధించినది కాబట్టి. మా వాళ్ళు నళిని నక్షత్రాలు చూస్తుంది అని చెప్పుకుంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను నక్షత్రాలు చూడను, దుమ్మును దిద్దుతాను. దూరపు గెలాక్సీల నుంచి వచ్చే వెలుగు దారిలో సన్నటి దుమ్ము గుండా వస్తుంది. ఆ దుమ్ము వెలుగును తగ్గిస్తుంది. అన్ని రంగులనూ ఒకేలా తగ్గిస్తే పేచీ లేదు. నీలాన్ని ఎక్కువ మింగి, ఎరుపును తక్కువ మింగుతుంది. అందుకని ప్రతి గెలాక్సీ అసలుకంటే మసకగా, అసలుకంటే ఎర్రగా కనిపిస్తుంది. దారిలో ఎంత దుమ్ము ఉందో లెక్కగట్టి, మింగిన వెలుగును మళ్ళీ కలిపితే అసలు రంగు వస్తుంది. ఆ కలపడమే నా ఉద్యోగం. దుమ్మును మేమెవరమూ చూడం. దాని వెనకున్న దీపం ఎంత ఎర్రబడిందో చూస్తాం. ఆ దుమ్ము ఎంత దూరంలో ఉందో తెలియాలంటే, దూరం తెలిసిన నక్షత్రాలను వరసగా చూసుకుంటూ పోతాం. ఎక్కడిదాకా రంగు సరిగ్గా ఉందో, ఎక్కణ్ణుంచి చెడిందో, ఆ రెంటి మధ్యే దుమ్ము ఉంటుంది. ఇదంతా కుర్చీలోంచి లేవకుండా చేస్తాం. ఆ విషయంలో మాదీ అత్తదీ ఒకటే గర్వం.

ఒక ఆదివారం పొద్దున, అంగడి మూసి ఉన్నప్పుడు వెళ్ళి అత్త గద్దె మీద కూర్చున్నాను. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ ఉన్న అంగడి అది. గుమ్మం నుంచి లోపలికి పదకొండు వరసలు. మూడో వరస పక్కన అత్త గద్దె. అక్కణ్ణుంచి చూస్తే ఏడో వరస దాకా గాజులు ఏ రంగువి ఆ రంగులోనే మెరుస్తున్నాయి. ఎనిమిదో వరస నుంచి తెల్లవి పలచటి టీ రంగులో ఉన్నాయి, నీలాలు నల్లబడ్డాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే తెలుపు తెలుపే, నీలం నీలమే. మళ్ళీ గద్దె మీదికి వచ్చాను. మళ్ళీ టీ రంగు.

అప్పుడు నాకు కలగాల్సింది భయం. కలిగింది మాత్రం హుషారు. కెమెరా తెచ్చి గుమ్మంలో పెట్టాను. ఒకే బల్బును ఒక్కో వరసలో వేలాడదీసి, నీలం అద్దం అడ్డం పెట్టి ఒకసారి, ఎర్ర అద్దం అడ్డం పెట్టి ఒకసారి ఫొటోలు తీశాను. దూరం వల్ల తగ్గే వెలుగును లెక్కలోంచి తీసేశాను. ఏడో వరస వరకు తేడా లేదు. ఎనిమిదో వరసలో నీలం వెలుగు మూడో వంతు పోయింది, ఎరుపు ఐదో వంతే పోయింది. తొమ్మిది, పది, పదకొండు వరసల్లో కూడా అంతే, ఇంకేమీ పెరగలేదు. అంటే అంగడంతా పరుచుకున్నది కాదు. ఏడుకూ ఎనిమిదికీ మధ్య పలచటి తెరలా ఏదో నిలబడి ఉంది.

ఇంట్లో, అంగట్లో ఉండే దుమ్ము రేణువులు పెద్దవి. అవి మసకబరుస్తాయి గానీ ఎర్రబరచవు. ఎర్రబరచాలంటే చాలా సన్నగా ఉండాలి. మొత్తం మీద ఎంత వెలుగు పోయింది, అందులో రంగుల మధ్య తేడా ఎంత అనేదాన్ని బట్టి దుమ్ముకు మేం ఒక అంకె కడతాం. మన నక్షత్రాల మధ్య ఉండే దుమ్ముకు అది సగటున మూడు పాయింట్ ఒకటి. అత్త అంగట్లో లెక్క వేస్తే వచ్చింది మూడు పాయింట్ ఒకటి.

ఏడో వరస దాటి వెళ్ళి అక్కడ నిలబడ్డాను. ముఖానికి ఏమీ తగల్లేదు. వాసన లేదు, తడి లేదు. తొమ్మిదో వరస దగ్గర నుంచి వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూస్తే, పొద్దున పదింటికి బళేపేట వీధి సాయంకాలం రంగులో ఉంది. ఎటునుంచి చూసినా తెర అవతలిది ఎర్రగానే కదా కనిపించాలి, లెక్క సరిపోయిందని సంతోషించాను. అంతకుమించి ఆలోచించలేదు.

అత్తకు చెప్పినప్పుడు ఆమె అదేమిటని అడగలేదు. అక్కడికి ఎలా వచ్చిందని కూడా అడగలేదు.

“అయితే నా కండ్లు బాగానే ఉండాయి కదా, పాపా?” అంది.

బాగానే ఉన్నాయి అత్తా అన్నాను. ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళుగా లోపల ఎంత నలిగిపోయిందో నాకు అప్పుడు తెలిసింది. బావకు ఫోన్ చేసి చెబితే, సాంబ్రాణి పొగేమోనని నవ్వేసి, పండగ గడువు మాత్రం గడువేనన్నాడు.

ఇక్కడ నేను చేసిన పని గురించి చెప్పాలి. తెలియనిదేదో ఇంట్లో నిలబడి ఉందని తెలిస్తే మామూలు మనిషి ఏం చేస్తాడు? ఇంట్లో వాళ్ళను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొస్తాడు. నేను దిద్దుబాటు పట్టిక తయారు చేశాను. ఎనిమిదో వరస నుంచి చందనంలా కనిపిస్తే తెలుపు అనుకో, నల్లగా కనిపిస్తే నీలం అనుకో, ఇలా నలభై రంగులకు రాసి, గద్దె పక్కన గోడకు అతికించాను. పది రోజుల్లో అత్తకు అది కంఠతా వచ్చేసింది. మళ్ళీ లేవకుండా కలపసాగింది. వరూధిని ఇంకోసారి వచ్చి నాలుగు చీరలకు కలిపించుకుంది, ఒక్కటి కూడా తప్పలేదు. ఫోన్ చేసి మరీ, “ఈసారి పర్‌ఫెక్ట్ మ్యాచ్ అండీ, మీ అత్తగారికి థాంక్స్ చెప్పండి” అంది. నాకు నిజంగా గర్వంగా అనిపించింది. నా పట్టిక లేకపోతే అత్త ఆ ఆషాఢంలోనే ఓడిపోయి, ఏడ్చుకుంటూ వైట్‌ఫీల్డ్ వెళ్ళిపోయి ఉండేది. వెళ్ళి, బతికి ఉండేది.

తర్వాతి ఆదివారం కొలిస్తే తెర ఆరుకూ ఏడుకూ మధ్యకు వచ్చింది. కొంచెం చిక్కబడింది కూడా. నీలం సగం పోతోంది. నేను పట్టిక మార్చి రాశాను. నాలుగైదు రోజులకు అది ఇంకో వరస ముందుకు జరిగింది. మళ్ళీ మార్చి రాశాను. ఉద్యోగానికి సెలవు పెట్టి రోజూ పొద్దున కెమెరాతో రావడం మొదలుపెట్టాను. ఎందుకు జరుగుతోంది అనే ప్రశ్న నా నోట్‌బుక్‌లో ఎక్కడా లేదు. ఎంత జరిగింది అనేదే ఉంది.

ముందుగా భయపడింది ఆవులప్ప. రోజంతా వెనక వరసల్లో పనిచేసేది అతనే కాబట్టి, తెరకు అవతలి పక్క నుంచి ఎక్కువగా చూసింది కూడా అతనే. శ్రావణం మొదలైన రోజు కొక్కెం కర్ర గోడకు ఆనించి నా దగ్గరికి వచ్చాడు.

“నళినమ్మా, ఆ వెనక నిలబడి చూస్తే మీరంతా శానా దూరంలో ఉండేట్టు ఉండాది. అక్కను కూడా లేపుకొని పొండి. నేనింక రాలేను” అన్నాడు.

చెప్పి, అత్త కాళ్ళకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. అత్త అతణ్ణి కసురుకుంది గానీ ఆపలేదు. ఆ రోజు నుంచి గాజులు తానే దింపుకుంది. నేనూ ఆమెను అడిగాను, పోనీ కొన్నాళ్ళు మా ఇంటికి రమ్మని. పండగ ముందు అంగడి ఎవరైనా మూస్తారా అంది. నేను గట్టిగా అడగలేదు. కొలతలు మధ్యలో ఆగిపోతాయన్న ఆలోచన కూడా నా మనసులో ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఒక బుధవారం పొద్దున నేను వెళ్ళేసరికి అత్త గద్దె మీద కూర్చుని ఉంది. రామచిలుక రంగు చీర కట్టుకుంటానని ముందురోజు చెప్పింది. గుమ్మంలోంచి చూస్తే ఆమె ఒంటి మీద ఉన్నది ఎండిన ఆకు రంగు. ముఖం రాగి చెంబులా ఉంది. తెర రెండో వరసకూ మూడో వరసకూ మధ్యకు వచ్చేసింది. రాత్రి ఎప్పుడో ఆమె గద్దెను దాటింది.

అత్త మాత్రం చాలా సంతోషంగా ఉంది. గోడ మీది పట్టిక చించేసింది. ఇవాళ పదకొండో వరస దాకా ఏ రంగుకు ఆ రంగు కనిపిస్తోందనీ, కొత్తగా పెళ్ళై వచ్చి ఈ గద్దె మీద కూర్చున్ననాడు ఎట్లా కనిపించాయో అట్లా ఉన్నాయనీ చెప్పింది. తర్వాత నా వైపు కళ్ళు చికిలించి చూసింది.

“నాకు అన్నీ సరిగ్గా కనపడతా ఉండాయి పాపా. నువ్వే ఎర్రగా ఉండావు” అంది.

ఇన్నాళ్ళూ నేను అన్ని కొలతలూ గుమ్మం నుంచే తీసుకున్నాను. నేనున్న చోటు సరైన చోటు, అవతల ఉన్నదే దిద్దాల్సింది అనుకున్నాను. మా పనిలో ఉన్నవాళ్ళందరిదీ అదే అలవాటు. తెర అవతల కూర్చున్నవాళ్ళకు మేమే మసకబారిపోతామని లెక్కలో రాస్తాం గానీ, ఆ మాట ఇంతవరకు ఎవరి నోటి నుంచీ వినలేదు.

బావకు ఫోన్ చేసి రమ్మన్నాను. మధ్యాహ్నం వచ్చాడు. గుమ్మంలో నిలబడి లోపలికి చూసి, లైట్లు పోయినట్టున్నాయే అన్నాడు. పక్క వీధిలో నాలుగు పెద్ద లైట్లు కొనుక్కొచ్చి లోపలికి వెళ్ళాడు. లోపలికి వెళ్ళినవాడికి అంతా సవ్యంగానే కనిపించింది. వెలుతురు బాగానే ఉంది కదా, అమ్మా బాగానే ఉంది కదా అని అక్కణ్ణుంచే నన్ను కోప్పడ్డాడు. బయటికి చూసి, వాన వచ్చేట్టుంది అన్నాడు. ఆ సమయంలో వీధిలో కళ్ళు చెదిరే ఎండ కాస్తోంది. తల్లి చేతి కాఫీ తాగి, పండగ అయిన మరునాడు వచ్చి తీసుకెళ్తానని చెప్పి వెళ్ళిపోయాడు. బయటికి రాగానే కళ్ళు నులుముకున్నాడు, అంతే.

ఆ తర్వాత తెర చిక్కబడటం ఎక్కువైంది. పండగ బేరమని అత్త రాత్రుళ్ళు కూడా అంగట్లోనే పడుకోసాగింది. పదిలో ఒక పాలు వెలుగు, తర్వాత ముప్పైలో ఒక పాలు. కొనడానికి వచ్చినవాళ్ళు గుమ్మం దాకా వచ్చి, లోపల చీకటిగా ఉందని అంగడి మూశారనుకుని పక్క అంగడికి పోయేవాళ్ళు. అత్త లోపలి నుంచి పిలిచేది. గొంతు మాత్రం ఏ మార్పూ లేకుండా వినిపించేది. చీకట్లోంచి పిలుపు విని ఒకామె చంకలో బిడ్డను గట్టిగా పట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నేను కూడా లోపలికి అడుగు పెట్టలేదు. కెమెరాను గుమ్మం నుంచి మెట్టు కిందికి దించాను. మరునాడు వీధిలోకి జరిపాను. తెర ఒక అడుగు ముందుకు వస్తే నేను ఒక అడుగు వెనక్కి వేస్తున్నాను. కొలవాలంటే బయట ఉండాలి కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. నిజానికి నాకు ప్రాణభయం పట్టుకుంది.

పండగ శుక్రవారం. ముందురోజు గురువారం మధ్యాహ్నం బళేపేట పూలతో, అరటి పిలకలతో, జనంతో కిక్కిరిసి ఉంది. తెర గుమ్మం మీదికి వచ్చేసింది. వీధిలోంచి చూస్తే రెండు మెరిసే అంగళ్ళ మధ్య ముదురు గోధుమ రంగు పలక నిలబెట్టినట్టు ఉంది. వందలో ఒక పాలు వెలుగు మాత్రమే బయటికి వస్తోంది. కెమెరాను ఎదురుగా ఉన్న ఇనుప సామాన్ల అంగడి మెట్టు మీద, నేను దానికి అడ్డం రాకుండా పక్కకు పెట్టి, పది సెకన్లకు ఒక ఫొటో దానంతటదే తీసేలా చేసి, నేను గుమ్మం దగ్గరికి వెళ్ళాను. అత్తను ఇవాళ ఎలాగైనా బయటికి తీసుకురావాలని నిశ్చయించుకున్నాను. బావకు ఫోన్ చేసి, కారు తీసుకుని వెంటనే రమ్మన్నాను.

పిలిస్తే అత్త గుమ్మం దాకా వచ్చింది. లోపల ఎర్రటి నీడ కదిలినట్టు తెలిసింది. అడుగు బయట పెట్టు అత్తా అని బతిమాలాను.

“వచ్చి ఏం చూడల్ల? అక్కడ అంతా ఎర్రగా ఉండాది. మళ్ళా అందరూ నా కండ్లు పోయినాయి అనల్లనా? ఈడ నాకు ఒక్క రంగు కూడా తప్పు పోలా” అంది.

నాకు ఏడుపొచ్చింది. నీ కళ్ళు పోలేదని నేను అందరికీ చెప్తాను అన్నాను. ఆమె ఇంకా మెత్తగా అంది.

“నువ్వు కదలకుండా నిలబడు పాపా. అది ముందుకే కదా వస్తా ఉండేది. నిన్ను దాటిపోతే నీకు నేను కనపడతా. ఇద్దరం ఒక పక్కనే ఉంటాం.”

చెయ్యి బయటికి చాపింది. మోచేతి వరకు బయటికి వచ్చింది. మధ్యాహ్నపు ఎండలో ఆ చెయ్యి అసలు రంగులో ఉంది. పసుపు ఇంకిన గోళ్ళు, పచ్చటి నరాలు, మణికట్టు దగ్గర ఎప్పుడో గాజు గుచ్చుకున్న మచ్చ. వేళ్ళ మీద నెమలి నీలం గాజులు పట్టుకుని ఉంది. మోచేతి అవతల ఏమీ లేదు, గోధుమ రంగు చీకటి తప్ప. నేను ఆ చేతిని పట్టుకుని నా వైపు లాగాను. ఆమె కదల్లేదు. గాజులు తొడిగేవాళ్ళు పట్టినట్టు నా చేతిని తన చేతిలోకి తీసుకుంది. పండగకు మేనకోడలికి మొదటి గాజులు ఆమే వెయ్యాలి, ప్రతి ఏడాదీ అంతే. మెటికలు నొక్కి, బొటనవేలిని అరచేతిలోకి మడిచి, చెయ్యి వదులుగా పెట్టు, ఎముకలు లేనట్టు వదిలెయ్యి అని లోపలి నుంచి చెబుతోంది. అలా చెబుతూనే నా చేతిని తన వైపు తీసుకుంటోంది. బలవంతంగా కాదు. గాజు ఎక్కించడానికి ఎంత లాగాలో అంతే.

నా వేళ్ళ కొసలు గుమ్మం దాటాయి. నా కళ్ళ ముందే నా గోళ్ళు ఎర్రబడి, నల్లబడి, కనిపించకుండా పోయాయి. నొప్పి లేదు. అత్త చేతి వెచ్చదనం తెలుస్తోంది. ఒక్క నిమిషం నిలబడి ఉంటే చాలు, ఆ తెర నన్ను కూడా దాటి వీధిలోకి వెళ్ళిపోయేది. నేను అత్తను నిండు రంగుల్లో చూసి ఉండేదాన్ని.

ఎంత బిగుతు గాజులోంచి అయినా చేతిని ఎలా జార్చాలో అత్త నాకు ఆరేళ్ళప్పుడే నేర్పింది. బొటనవేలు చిటికెన వేలి కిందికి మడిచి, భుజం నుంచి బిగువంతా వదిలేయాలి. నేను అదే చేశాను. నా చెయ్యి ఆమె చేతిలోంచి నూనె రాసినట్టు జారి వచ్చేసింది. రెండడుగులు వెనక్కి వేసి పూలబుట్ట మీద పడ్డాను. పూలమ్మే ఆమె తిట్టింది. లేచి చూసేసరికి గుమ్మంలో తెర లేదు. ఎండ లోపలి దాకా పడుతోంది. పదకొండు వరసల గాజులూ ఏ రంగువి ఆ రంగులో మెరుస్తున్నాయి. అత్త లేదు.

బావ అరగంటకు వచ్చాడు. అంగడంతా వెతికాడు, వెనక గోడ చేత్తో తట్టి చూశాడు, వీధంతా పేరు పెట్టి పిలిచాడు. తర్వాత పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. నేను బావకు అన్నీ చెప్పాను. పట్టిక గురించి, కొలతల గురించి, ఆవులప్ప హెచ్చరించిన సంగతి కూడా చెప్పాను. చివరి సంగతి మాత్రం, పట్టుకున్న చెయ్యి జారిపోయింది అన్నాను. జార్చుకున్నది నేనని చెప్పలేదు. అతను నన్ను ఓదార్చాడు. నాకు తల ఎత్తుకునే మొహం లేకపోయింది.

పది సెకన్లకు ఒకటి తీసిన ఫొటోల్లో ఒకటి, నేను వెనక్కి పడ్డ తర్వాత, అంగడి వెలగక ముందు తీసింది ఉంది. చూడగానే అందులో చీకటి గుమ్మమూ, ఎండలో చాపిన ఒక చెయ్యీ చిన్నగా కనిపిస్తాయి తప్ప ఇంకేమీ లేదు. చీకటిని వంద రెట్లు పెంచి, నీలాన్ని అంతకన్నా ఎక్కువ పెంచి దిద్దితే అత్త ముఖం వస్తుంది. చుక్కలు చుక్కలుగా ఉంటుంది గానీ ఆమే. రామచిలుక రంగు చీర కూడా తెలుస్తుంది. ముఖం వచ్చేలా దిద్దితే, తెర బయట ఉన్న చెయ్యి మరీ వెలిగిపోయి తెల్లటి మచ్చ అవుతుంది. చెయ్యి సరిగ్గా కనిపించాలంటే ముఖాన్ని మళ్ళీ చీకట్లోకి వదిలెయ్యాలి. రెంటినీ వేరువేరుగా దిద్ది అతికించడం నాకు చేతనైన పనే. ఇప్పటిదాకా చెయ్యలేదు.

ముఖం ఉన్న ఫొటోను రోజూ తెరిచి చూస్తాను. అందులో ఆమె నా వైపు చూడటం లేదు, తన చేతి వైపు చూసుకుంటోంది. ఆ చెయ్యి ఎలా ఉందో, వేళ్ళు ఇంకా ముడిచే ఉన్నాయో, విప్పుకుని ఉన్నాయో, చెయ్యి కనిపించేలా దిద్దిన రెండో ఫొటో తెరిచి దగ్గరగా చూస్తే తెలుస్తుంది. దాన్ని తెరవడానికి నాకు ధైర్యం చాలడం లేదు.